కాలు నేలకు ఆనాకే ఫోను

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. కోపం చల్లారాక రాయమని మా ఇంటావిడ అంటోంది. చల్లారాక రాయడానికి ఏముంటుంది?

మొన్న కోయంబత్తూరు గాంధీపురంలో బస్టాండు ఎదురుగా రోడ్డు దాటుతున్నాను. మోటార్‌సైకిల్ మీద ఒకడు, చెంపకీ హెల్మెట్‌కీ మధ్య ఒక ఫోను దోపుకుని, హ్యాండిల్‌కి బిగించిన ఇంకో ఫోనులో మ్యాపు చూసుకుంటూ నా పాదం పక్కనుంచి దూసుకుపోయాడు. చెప్పు మీద టైరు మరక పడింది. గట్టిగా అరిచాను. వాడు ఆగలేదు, తల తిప్పలేదు. చెవిలో ఉన్న మనిషితో, "ఏం లేదు, ఎవరో ముసలాయన" అన్నాడు. నా కాలు పోయేదే. వాడి లెక్కలో అది "ఏం లేదు".

ఇంటికొచ్చి కాగితం తీశాను. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు మాకు వంటింట్లో, పొలంలో, పోట్లాటలో మాట్లాడేది. అక్షరాలు మా అమ్మ నేర్పింది, రిటైరయ్యాక మా మేనకోడలి దగ్గర కూర్చుని మరోసారి దిద్దుకున్నాను. ఇందులో తప్పులుంటే ఆ పిల్లని అనండి.

నేను పంపుసెట్లు చేసే ఒక కంపెనీలో పనిచేశాను. గాంధీపురం వెనక సందులో మా సర్వీసు బ్రాంచి. మెకానిక్‌గా చేరి, సర్వీసు ఇన్‌చార్జిగా బయటికొచ్చాను. రైతు తోటలో మోటారు ఆగిపోతుంది, మాకు ఫోను చేస్తాడు, మేం బండి మీద ఒక మెకానిక్‌ని పంపుతాం. పని చెప్పుకోవడానికి ఇంతే. నీళ్ళు ఆగిన రైతు ముందు నిలబడితే తెలుస్తుంది అది ఎంత పనో.

మా రోజుల్లో దారి అడిగి పోయేవాళ్ళం. పొల్లాచ్చి రోడ్డులో కినత్తుకడవు దాటాక తోటలన్నీ ఒకటే మాదిరి ఉంటాయి, ఎటు చూసినా కొబ్బరి చెట్లే. టీ అంగడి దగ్గర బండి ఆపి, ఫలానా వాళ్ళ తోట ఎటని అడిగితే దారి చెప్పేవాళ్ళు. దారితో పాటు ఆ ఊళ్ళో రెండు రోజులుగా కరెంటు సరిగ్గా రావడం లేదన్న సంగతీ చెప్పేవాళ్ళు. సగం రిపేరు అక్కడే తెలిసిపోయేది. ఫోన్లు వచ్చాక నేను ఒకే ఒక రూలు పెట్టాను. ఫోను సామాన్ల సంచీలో ఉండాలి. మోగితే బండి పక్కకి తియ్యి, కాలు నేలకు ఆనించు, అప్పుడు ఎత్తు. చాలా ఏళ్ళు ఆ రూలు నడిచింది. నడిచిందంటే, నా తిట్లకి భయపడి నడిచింది.

ఇప్పుడు అసలు మనిషి సంగతి. అతనిది మదురై పక్క వాడిపట్టి. మన తెలుగువాళ్ళే, పొలం చేసుకునే కుటుంబం. వాటాలు పంచుకున్నాక మిగిలిన చెక్క ఇద్దరు అన్నదమ్ములకి చాలక, ఇతను పనికోసం కోయంబత్తూరు వచ్చాడు. చేరిన రోజే మా రెండు కుటుంబాల మధ్య ఏదో పాత పెళ్ళి సంబంధం తవ్వి తీసి నన్ను "మామా" అన్నాడు. అప్పటికి అతనికి ముప్ఫై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. మోటారు కాయిలు చుట్టడంలో అతని చెయ్యి చూడాలి. రాగి తీగ ఆ వేళ్ళ మధ్య ఎక్కడా ముడిపడకుండా, తెగకుండా జారిపోయేది. మేం ఇద్దరం కూర్చుని చేసే పని అతనొక్కడే పాట పాడుకుంటూ చేసేవాడు. పాట మాత్రం ఘోరంగా ఉండేది.

అతనిలో ఒక జబ్బుంది. జబ్బు అనకూడదు, అది మా అందరి ఇళ్ళలో మర్యాద. పెద్దవాళ్ళు ఫోను చేస్తే మోగనివ్వకూడదు. రెండో మోతకో మూడో మోతకో ఎత్తి "చెప్పండి" అనాలి. ఎత్తకపోతే కావాలనే ఎత్తలేదంటారు. ఆ మాట చిన్నమ్మ దగ్గరికి పోతుంది, చిన్నమ్మ నుంచి అత్త దగ్గరికి పోతుంది, ఆరు నెలల తరువాత ఏదో పెళ్ళి పందిట్లో "నువ్వు పెద్దమనిషివై పోయినావంట గదా, ఫోను ఎత్తవంట గదా" అని నలుగురిలో పేలుతుంది. స్నానాల గదిలోంచి తడి చేత్తో ఫోను ఎత్తేవాళ్ళు మా వాళ్ళు. ఇక బండి మీద ఒక లెక్కా!

అయినా నా రూలుకి కట్టుబడి, మోగగానే బండి ఆపి ఎత్తేవాడు. ఆపడానికి వీలుండేది. ఎందుకంటే అప్పటికి ఫోను సంచీలో ఉండేది.

తరువాత హెడ్డాఫీసు నుంచి యాప్ వచ్చింది. దాంతో పాటు ఒక మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, అందరినీ "జీ" అంటాడు. మోటార్‌సైకిల్ ఎక్కి ఎన్నాళ్ళయిందో మాత్రం నాకు తెలియదు. ఒక శుక్రవారం పూజ చేయించి, లడ్డూలు పంచి, ఒక్కొక్క మెకానిక్ బండికీ ఫోను స్టాండు బిగించారు. హ్యాండిల్ నడుమ, సరిగ్గా కళ్ళెదురుగా. ఇక దారి అడగక్కర్లేదు, మ్యాపు చెబుతుంది. రైతు మన ఆఫీసుకి ఫోను చెయ్యక్కర్లేదు, యాప్ నుంచి నేరుగా మెకానిక్‌కే చేస్తాడు. మెకానిక్ ఎత్తకపోతే అతని పేరు పక్కన ఎర్ర గుర్తు. బండి కాసేపు ఆగితే ఇంకో గుర్తు.

"జీ, ఇది అందరికీ మంచిది" అన్నాడు మేనేజరు.

మా ఆఫీసులో ఫోన్లు చూసే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె కూడా మదురై నుంచి వచ్చినదే, క్రైస్తవుల ఇంటి పిల్ల, నోరు కత్తి. నా చెవిలో, "అన్నా, ఆదివారం గుళ్ళో ప్రార్థనలో ఫోను ఎత్తద్దంటారు. వీళ్ళు లారీ ఎదురుగా వచ్చినా ఎత్తమంటా ఉండారు" అంది. నవ్వాను. నవ్వవలసిన మాట కాదది.

నెల తిరక్కుండానే చూశాను. అందరూ బండి నడుపుతూనే మాట్లాడుతున్నారు. మా వాడిపట్టి అతను మరీనూ. ఎర్ర గుర్తు భయం ఒక పక్క, మర్యాద ఇంకో పక్క. ఒకరోజు పట్టుకుని నిలదీశాను.

"బుద్ధి ఉండాదా నీకు? బొటనవేలితో ఫోను గీకతా బండి తోలతావా?"

"ఏం జేసేది మామా, పెద్దవాళ్ళు పిలస్తా ఉంటే మోగనిచ్చేది ఎట్ల? ఆపినానంటే, ఎందుకు ఆగినావని ఆఫీసోళ్ళు అడగతారు."

"నేను జెప్పతాను వాళ్ళకి. నువ్వు ఆపు."

"సెరి మామా" అన్నాడు. ఆ "సెరి"కి అర్థం సరే అని కాదు, మీరు పెద్దవాళ్ళు కాబట్టి ఎదురు చెప్పను అని. మా ఇళ్ళలో పెరిగినవాళ్ళకి అది తెలుసు.

ఆ ఏడు ఎండలు దారుణంగా ఉన్నాయి. కినత్తుకడవు దగ్గర ఒక పెద్దాయన, మా తెలుగు రైతే, కొత్తగా కొబ్బరి మొక్కలు నాటాడు. బోరు మోటారు ఆగిపోయింది. మొక్కలు మూడో రోజుకి తల వాలుస్తాయి. ఆయన కంగారు నాకు అర్థం కానిది కాదు. అంతకుముందు ఒకసారి మా అతను ఆ తోటకి వెళ్ళినప్పుడు, "ఏమబ్బాయా, మనోళ్ళా?" అని మొదలుపెట్టి ఊళ్ళూ ఇంటిపేర్లూ కలిపి, ఆయన ఇతనికి పెద్దయ్య అయిపోయాడు. మజ్జిగ ఇచ్చాడు, గంప నిండా కాయలిచ్చి పంపాడు. చుట్టరికం కుదిరాక ఇక ఆయన ఫోను కస్టమర్ ఫోను కాదు, ఇంటి పెద్ద ఫోను.

ఆ పూట పొద్దున్నే ఇతన్ని పంపాను. దారిలో ఉండగానే ఆయన ఫోన్లు మొదలుపెట్టాడు. ఊరు దాటకముందు ఒకటి, దాటాక ఒకటి, పొల్లాచ్చి రోడ్డెక్కాక మళ్ళీ. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "యాడ ఉండావు అబ్బాయా?" ప్రతిసారీ ఇతను ఎత్తి, "వస్తా ఉండాను పెద్దయ్యా" అన్నాడు.

ఆఫీసులో కంప్యూటరు తెర మీద మా వాళ్ళ బండ్లన్నీ చుక్కలుగా కదులుతుంటాయి. నేను చూస్తూనే ఉన్నాను. కినత్తుకడవు ముందర అతని చుక్క ఆగింది. నాకు సంతోషం వేసింది. ఫోన్లు చూసే అమ్మాయిని పిలిచి, "చూడు, ఈ పొద్దు నా మాట విన్నాడు. బండి ఆపి మాట్లాడతా ఉండాడు" అన్నాను. కాఫీ కూడా తెప్పించుకుని తాగాను. ఆ కాఫీ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాసేపటికి మేనేజరు ఫోను. "జీ, మీ మెకానిక్ ఆగిపోయాడు. కారణం కనుక్కోండి."

కారణం ఏమిటంటే, తోటకి మళ్ళే మలుపు దగ్గర మ్యాపు కుడివైపు చూపిస్తుండగా దాని మీదికి పెద్దయ్య ఫోను వచ్చింది. ఫోను వస్తే మ్యాపు కనపడదు. బొటనవేలితో ఫోను ఎత్తబోతూ చూపు కిందికి దించాడు. ముందు కొబ్బరికాయల ట్రాక్టరు ట్రెయిలరు ఆగి ఉంది. దాని వెనక తలుపు ఇనుముకీ, హ్యాండిల్‌కీ నడుమ అతని కుడి చెయ్యి నలిగిపోయింది.

తరువాతి సంగతి, అక్కడ బొండాలు అమ్ముకునే ఆమె చెప్పగా విన్నాను. ఆమే పరిగెత్తుకొచ్చి తన కొంగుతో చెయ్యి కట్టింది. బండి పడి ఉంది, ఇతను పడి ఉన్నాడు, రోడ్డంతా కాయలు. స్టాండులో ఫోనుకి గీత కూడా పడలేదు. అది మోగుతూనే ఉందట. ఆమె ఎత్తింది. "యాడ ఉండావు?" అని అవతలి గొంతు. ఆమెకి తెలుగు రాదు. బండి పడిపోయిందని తమిళంలో చెప్పింది. అవతలాయన కూడా తమిళంలోనే, "అట్లయితే వేరే ఎవరినన్నా సీక్రం పంపమని చెప్పమ్మా" అన్నాడట.

ఆయన రాక్షసుడు కాడు. అదే నాకు మరీ మంట. రాక్షసుడైతే తిట్టి పడుకునేవాణ్ణి.

మూడో రోజు ఆయన ఆస్పత్రికి వచ్చాడు, బొండాల గెల భుజాన వేసుకుని. లోపల ఆపరేషన్ అయి ఇతను మత్తులో ఉన్నాడు. కుడి మణికట్టులో ప్లేట్లు వేశారు. వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. కాయిలు చుట్టేవాడికి వేళ్ళు పోతే ఇంకేముంది? అతని భార్య వరండాలో గోడకానుకుని కూర్చుంది, ఏడవడం కూడా అయిపోయిన ముఖంతో. పెద్దాయన ఆమె ముందు నిలబడలేక నా దగ్గరికి వచ్చాడు.

"నేను అడిగింది ఏమయ్యా? యాడ ఉండావనే గదా? బండి ఆపి చెప్పేది గదా అబ్బాయి."

"ఆపనిచ్చినారా మీరు?" అన్నాను. అరిచాననే చెప్పాలి, నర్సు బయటికి తొంగిచూసింది. "అడుగడుక్కీ యాడుండావు, యాడుండావు. వాడు యాడున్నా మీ తోటకే గదా వస్తా ఉండేది? ఎత్తకుంటే పెద్దయ్యకి కోపం వస్తాదని ఎత్తినాడు. మీకు మొక్కలు వాడిపోతాయని బాధ. అది న్యాయమే. ఈ పొద్దు వాడి చెయ్యి యాడ ఉండాది? అడగండి, ఇప్పుడు అడగండి!"

ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ బెంచీ మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు లోపల మంచం పక్కన అతని ఫోను మోగింది. ఊళ్ళో ఎవరికో సంగతి తెలిసి చేసినట్టున్నారు. మత్తులో ఉన్న మనిషి, కళ్ళు తెరవకుండానే, కట్టు కట్టిన కుడి చేతిని దాని వైపు కదిలించాడు. నొప్పికి అరిచాడు. అయినా ఇంకోసారి కదిలించాడు.

నేను వెళ్ళి ఆ ఫోను ఆపేశాను. ఎవరు చేశారో కూడా చూడలేదు.

వారం తరువాత మా బ్రాంచిలో మీటింగు పెట్టారు. మేనేజరు కారులో వచ్చాడు. ముందు జాలి చూపించాడు, నిజంగానే చూపించాడు. తరువాత అసలు మాటకొచ్చాడు. "స్టాండు ఇచ్చింది మ్యాపు చూడ్డానికి, జీ. బండి నడుపుతూ మాట్లాడమని మేం ఎక్కడా చెప్పలేదు. ఇది అతని అజాగ్రత్త. ఇక మీద అందరూ, బండి మీద ఫోను మాట్లాడం అని ప్రమాణం చెయ్యాలి." మెకానిక్కులు తలలు వంచుకుని నిలబడ్డారు.

"మ్యాపు మీదికి ఫోను వచ్చేట్టు పెట్టింది ఎవరండీ?" అని అడిగాను.

"అది యాప్ పద్ధతి."

"ఎత్తకపోతే ఎర్ర గుర్తు పెట్టింది ఎవరు? ఆగితే ఎందుకు ఆగాడని నన్ను అడిగింది ఎవరు? చెయ్యి నలిగి పడి ఉన్న మనిషి గురించి మీరు నన్ను అడిగింది, ఎందుకు ఆగాడని!"

"జీ, ఎమోషనల్ అవ్వకండి. కస్టమర్లు పోతారు."

ఎమోషనల్! మా అమ్మాయి పెళ్ళప్పుడు కూడా నేను ఏడవలేదు. ఆ మాటకి మాత్రం తల తిరిగిపోయింది. లేచి వర్క్‌షాపులోకి వెళ్ళి పదో నంబరు స్పానరు తీసుకున్నాను. ఆవరణలో వరసగా నిలబెట్టిన బండ్ల దగ్గరికి పోయి ఒక్కొక్క స్టాండే ఊడదీయడం మొదలుపెట్టాను. ఎవరూ ఆపలేదు. ఫోన్లు చూసే అమ్మాయి గోనెసంచీ పట్టుకుని వెనకాలే వచ్చింది. రెండో బండి దగ్గర ఒక బోల్టు తుప్పు పట్టి రాకపోతే, "కిరోసిను తెస్తా ఉండు అన్నా" అని పరిగెత్తింది. కోపం మీద ఉన్నా నవ్వొచ్చింది. చివరి రెండూ మెకానిక్కులే ఊడదీసి ఇచ్చారు. గోనెసంచీ తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద, ఆయన లాప్‌టాప్ పక్కన దించాను.

"వీటిని మీ కారుకి బిగించుకోండి. మా వాళ్ళు దారి అడిగి పోతారు" అన్నాను.

ఇక్కడితో ఆపేస్తే నేను గెలిచినట్టుంటుంది. మీకు నచ్చుతుంది కూడా. కానీ నేను గెలవలేదు. నాకు హెచ్చరిక వచ్చింది. కొన్నాళ్ళకి హెడ్డాఫీసు నుంచి కొత్త స్టాండ్లు వచ్చాయి, ఈసారి ఇంకా మంచివి. ఫోను మీద ఎండ పడకుండా చిన్న గొడుగు కూడా ఉంది వాటికి. ఫోనుకి గొడుగు! నడిపేవాడి నెత్తిన ఎండ ఎవరికీ కనపడలేదు. నేను సాధించింది ఒక్కటే. మా బ్రాంచిలో మాత్రం మెకానిక్ తోటకి చేరేదాకా రైతుల ఫోన్లు ఆఫీసుకే రావాలని పట్టుబట్టి ఒప్పించాను. ఫోన్లు చూసే అమ్మాయి తన గొంతు పోయేలా అందరికీ సమాధానం చెప్పింది. నేను రిటైరయ్యాక ఆ పద్ధతీ తీసేశారని విన్నాను.

అతని మణికట్టు అతుక్కుంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వంగవు. కాయిలు చుట్టబోతే తీగ జారిపోతుంది. కంపెనీ కౌంటర్లో కూర్చోబెట్టింది. అక్కడ అతని పాట ఆగిపోయింది. నాలుగు నెలలకి మానేసి సొంతూరు వెళ్ళిపోయాడు. ఇప్పుడు మదురై చుట్టుపక్కల బండి మీద ఇళ్ళకి పార్సిళ్ళు పంచుతున్నాడు. వంగని వేళ్ళతో రాగి తీగ చుట్టలేడు గానీ యాక్సిలరేటరు తిప్పగలడట. ఇది విన్నప్పుడు మా ఇంటావిడ, పోనీలెండి పని దొరికింది అంది.

బండెక్కే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మిమ్మల్ని మాత్రమే తిట్టి వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు. మీ చేతిలో ఫోను మోగాలంటే అవతల ఒకరు నొక్కాలి కదా. ఆ అవతలివాళ్ళని తిట్టాలనే ఇంతదూరం రాశాను.

ఇక్కడిదాకా రాశాక, అతని సంగతి రాస్తున్నాను కాబట్టి ఒక మాట అడగడం ధర్మం అనిపించింది. ఇందాకే ఫోను చేశాను. రెండో మోతకే ఎత్తాడు.

"చెప్పండి మామా."

వెనక గాలి హోరు. బస్సు హారను.

"యాడ ఉండావు?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది, అచ్చంగా అదే మాట.

"వాడిపట్టి రోడ్డులో పోతా ఉండాను మామా. ఎవరు పిలిచినా ఎత్తేది లేదు ఇప్పుడు. మీరు గదా, అందుకని ఎత్తినా."

కట్ చేశాను. ఒక్క మాట కూడా అనకుండా. పెద్దవాడు మాట మధ్యలో ఫోను పెట్టేశాడంటే మా ఇళ్ళలో అది చెంప మీద కొట్టినట్టు. వెంటనే అతను తిరిగి చేశాడు. ఎత్తలేదు. చివరిదాకా మోగింది. మళ్ళీ చేశాడు. మా ఇంటావిడ వంటింట్లోంచి, "ఎత్తరాదా, ఎవరో అన్నిసార్లు చేస్తా ఉంటే?" అని కేక వేసింది. ఎత్తలేదు. ఫోను బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూడోసారి మోగుతూ మోగుతూ మధ్యలోనే ఆగిపోయింది.

చుక్క ఆగినప్పుడు సంతోషించి కాఫీ తాగినవాణ్ణి నేను. ఈసారి గోడ గడియారం వైపు చూడకుండా కూర్చున్నాను. తిరిగి చెయ్యాలని వేలు ఎన్నిసార్లు ఫోను మీదికి పోయిందో, అన్నిసార్లూ వెనక్కి లాక్కున్నాను.

మళ్ళీ మోగింది. ఎత్తి, మాట్లాడకుండా ముందు విన్నాను. గాలి లేదు. టీ గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గుతున్నారు.

"బండి ఆపినాను మామా."

"కాలు?"

"నేల మీదనే ఉండాది." చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఏమి మామా, నా మీద కోపమా?"

"అవును," అన్నాను. "కోపమే."